ధ్వనిని ఆపి పంపే బకెట్ల వరుస
(పాత ఎకో యంత్రాల్లో అనలాగ్ డిలే లైన్ ఎలా పనిచేస్తుంది?)

మన నార్కట్‌పల్లి మండలంలో చెరువుగట్టు జాతర గురించి తెలియని వారుండరు. మాఘమాసంలో జడల రామలింగేశ్వర స్వామి బ్రహ్మోత్సవాలకు జనం తండోపతండాలుగా గుట్టకు చేరుతారు. ఇలాంటి ఏ జాతరలోనైనా మైకు చేసే పనులన్నిటిలోకి ముఖ్యమైనది తప్పిపోయిన పిల్లల గురించి చెప్పే ప్రకటన. పిల్లవాడి పేరు, ఊరు, వేసుకున్న అంగీ రంగు - ఈ మూడు మాటలు స్పష్టంగా వినబడితే చాలు, తల్లీబిడ్డలు కలుస్తారు. కానీ జాతరల్లో చాలాసార్లు మన చెవిన పడేది "బాబు... బాబు... గూడెం... డెం... డెం..." అన్న రొద మాత్రమే.

మాట ఇలా ఎందుకు చెదిరిపోతుంది? కారణాలు రెండు. ఒకటి, దూరదూరంగా కట్టిన హారన్లు. రెండు, యాంప్లిఫయర్ మీద ఉండే 'ఎకో' అనే నాబ్. ఈ రెండింటి వెనుక ఉన్న విషయం ఒక్కటే: ధ్వని ఆలస్యంగా చేరడం. ఇంగ్లీషులో దీనినే డిలే అంటారు. ధ్వనిని కావాలని ఆలస్యం చేసే సర్క్యూట్ పేరు డిలే లైన్. ఇది పెద్ద ఇంజినీరింగ్ పుస్తకాల్లో ఉండే విషయమే అయినా, తొమ్మిదో తరగతి ధ్వని పాఠం, కొద్దిగా భాగహారం వస్తే ఎవరికైనా అర్థమవుతుంది. అది చూపించడమే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

ఆలస్యం అంటే దూరమే

గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు అని చదువుకున్నాం. అంటే 34 మీటర్లు పోవడానికి సెకనులో పదో వంతు, అంటే 100 మిల్లీసెకన్లు పడుతుంది. గోల్కొండ కోటలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే సుమారు కిలోమీటరు దూరాన ఉన్న బాలాహిస్సార్ మీద వినిపిస్తుందని చెబుతారు. ఆ చప్పుడు పైకి చేరడానికి దాదాపు 3 సెకన్లు కావాలి. ఆ 3 సెకన్లూ ధ్వని ఎక్కడ ఉంది? గాలిలోనే, దారిలో ఉంది. కాబట్టి గాలి కూడా ఒక డిలే లైనే.

ఒక పెట్టెలో కూర్చోబెట్టి ఇదే పని చేయించాలంటే చిక్కు వస్తుంది. మైకులో పడిన ధ్వని విద్యుత్ సంకేతంగా మారుతుంది. తీగలో ఆ సంకేతం వేగం కాంతి వేగంలో సగానికి పైనే ఉంటుంది. తీగను ఎంత పొడవు చుట్టినా పావు సెకను ఆలస్యం తేవడం సాధ్యం కాదు. వేల కిలోమీటర్ల తీగ కావాలి. కాబట్టి సంకేతాన్ని ఎక్కడో ఒకచోట పట్టి ఉంచి, తర్వాత వదలాలి. డిలే లైన్ల చరిత్ర అంతా 'ఎక్కడ పట్టి ఉంచాలి?' అన్న ప్రశ్నకు మనుషులు వెతుక్కున్న జవాబులే.

ఎంత ఆలస్యానికి చెవికి ఏమనిపిస్తుంది?

ఒక ధ్వనికి దాని నకలును కాస్త ఆలస్యంగా కలిపితే వినిపించే తేడాలు ఇవి (అంకెలు ఇంచుమించుగా):

1. 1 నుండి 10 మిల్లీసెకన్లు: రెండు శబ్దాలుగా తెలియవు. ఆలస్యాన్ని మెల్లగా మారుస్తూ ఉంటే విమానం మీదుగా పోయినట్టు సుడి తిరిగే శబ్దం వస్తుంది. దీని పేరు ఫ్లాంజర్.
2. 10 నుండి 30 మిల్లీసెకన్లు: ఒక్కరు పాడినా నలుగురు కలిసి పాడినట్టు ఉంటుంది. ఇది కోరస్.
3. 50 మిల్లీసెకన్లు దాటితే: రెండో శబ్దం విడిగా తెలియడం మొదలవుతుంది. 100 మిల్లీసెకన్లు దాటితే స్పష్టమైన ప్రతిధ్వని.

పాఠ్యపుస్తకంలో ప్రతిధ్వనికి గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలని రాసింది ఇందుకే. పోను 17, రాను 17, మొత్తం 34 మీటర్లు, సెకనులో పదో వంతు. ఇంకొక సంగతి: ఒకే మాట రెండు దిక్కుల నుండి దాదాపు 30 మిల్లీసెకన్ల తేడా లోపల వస్తే, మన చెవి మొదట వచ్చిన దిక్కునే లెక్కలోకి తీసుకొని రెండింటినీ కలిపి ఒకటిగా వింటుంది. జర్మనీకి చెందిన హెల్ముట్ హాస్ 1949లో దీనిని పరిశోధించి చూపాడు. దీని అవసరం జాతర మైకు దగ్గర మళ్ళీ వస్తుంది.

ముందు వచ్చింది టేపు

మొదట్లో ధ్వనిని పట్టి ఉంచడానికి టేపును వాడారు. టేపురికార్డరులో రాసే హెడ్డు ఒకటి, చదివే హెడ్డు ఒకటి పక్కపక్కన ఉంటాయి. రాసిన చోటు చదివే హెడ్డు దాకా జరిగేంత సేపే ఆలస్యం. టేపు సెకనుకు 19 సెంటీమీటర్లు నడుస్తూ, హెడ్ల మధ్య 5 సెంటీమీటర్లు ఉంటే 5ను 19తో భాగించాలి. జవాబు 0.263 సెకన్లు. 1950లలో అమెరికాలోని మెంఫిస్ నగరంలో సన్ స్టూడియో నడిపిన శామ్ ఫిలిప్స్ పాటలకు ఈ పద్ధతిలోనే ఎకో కలిపాడు. జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1974లో తెచ్చిన స్పేస్ ఎకో అనే యంత్రం కూడా టేపుతో నడిచేదే.

టేపు ధ్వని బాగుండేది. కానీ టేపు అరిగేది, తెగేది, దుమ్ము పడితే హెడ్లు మూసుకుపోయేవి. మోటారు ఉన్న బరువైన పెట్టెను ఊరూరా మోయాలి. కదిలే భాగాలేవీ లేకుండా అదే పని చేసే వస్తువు కావలసి వచ్చింది.

బకెట్ల వరుస

1969లో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ పరిశోధనశాలలో సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు దీనికి దారి చూపారు. దాని పేరు బకెట్ బ్రిగేడ్ డివైస్. పొట్టిగా బీబీడీ అంటారు. నిప్పంటుకున్నప్పుడు జనం వరుసగా నిలబడి బకెట్లు అందించుకుంటారే, ఆ పేరే దీనికి పెట్టారు. స్లాబు పోసే రోజు తట్టలు అందించుకునే కూలీల వరుసను చూసినవారికి దీన్ని వేరే వివరించనక్కరలేదు. అయితే ఒక చిన్న తేడా ఉంది. దానికోసం హాస్టల్ ఉదాహరణ తీసుకుందాం.

సంపు నుండి బాత్రూం డ్రమ్ము దాకా 8 మంది వరుసగా నిలబడ్డారనుకోండి. ప్రతి ఒక్కరి చేతిలో ఒక బకెట్ ఉంది. బకెట్ ఎవరిది వారి దగ్గరే ఉంటుంది. నీళ్ళు మాత్రం ఒక బకెట్ లోంచి పక్క బకెట్ లోకి పోస్తారు. అందరి బకెట్లూ నిండుగా ఉంటే ఎవరూ పోయలేరు, పక్కవాడి బకెట్ ఖాళీగా ఉండాలి కదా! కాబట్టి ఒకటి విడిచి ఒకటి ఖాళీగా ఉండాలి. పీఈటీ సారు "ఒకటి" అనగానే 1, 3, 5, 7 నంబర్ల వాళ్ళు తమ ముందున్న 2, 4, 6, 8 నంబర్ల వాళ్ళకు పోస్తారు. "రెండు" అనగానే 2, 4, 6 నంబర్ల వాళ్ళు 3, 5, 7 నంబర్ల వాళ్ళకు పోస్తారు, 8వ వాడు డ్రమ్ములో పోస్తాడు, 1వ వాడు సంపులోంచి కొత్తగా ముంచుకుంటాడు.

ఇప్పుడు ఈ బొమ్మనే ఐసీలోకి మార్చండి. బకెట్ అంటే కెపాసిటర్. నీళ్ళు అంటే విద్యుదావేశం. పోసే చెయ్యి అంటే రెండు కెపాసిటర్ల మధ్య ఉన్న ట్రాన్సిస్టర్. "ఒకటి, రెండు" అన్న పిలుపు అంటే క్లాక్. ఆ క్లాక్ ఒకదానికొకటి వ్యతిరేకంగా నడిచే రెండు తీగల మీద వస్తుంది. ఒకటి బేసి ట్రాన్సిస్టర్లను, ఇంకొకటి సరి ట్రాన్సిస్టర్లను తెరుస్తుంది.

మరి ధ్వని ఎక్కడ ఉంది? మొదటి బకెట్‌లో ముంచిన నీటి మట్టంలో ఉంది. క్లాక్ పిలిచిన ఆ క్షణాన మైకు సంకేతం వోల్టేజి ఎంత ఉందో అంత మట్టం నింపుతారు. మరుసటి పిలుపుకు అప్పటి వోల్టేజి ఎంతో అంత. ఇలా ధ్వని తరంగం ముక్కలు ముక్కలుగా, ఎత్తుపల్లాల వరుసగా లోపలికి పోతుంది. చివరి బకెట్ దగ్గర అదే వరుసలో అవే ఎత్తుపల్లాలు బయటకు వస్తాయి. గమనించవలసినది ఇది: ధ్వనిని ముక్కలు చేశారు, కానీ ఎక్కడా అంకెలుగా మార్చలేదు. మట్టం మట్టంగానే ఉంది. అందుకే బీబీడీని డిజిటల్ అనరు, అనలాగ్ అంటారు.

అదే 1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీలో బోయిల్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు ఆవేశాన్ని ఇలాగే వరుసగా జరిపే సీసీడీని కనిపెట్టారు. తర్వాతి కాలంలో డిజిటల్ కెమెరాలకు కన్నుగా పనిచేసింది అదే. దానికి 2009లో వారికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. చెవికి బీబీడీ, కంటికి సీసీడీ - రెండింటిదీ ఒకే కుటుంబం.

లెక్క చేసి చూద్దాం

పైన 8 మంది వరుసలో ఒక "ఒకటి-రెండు"కు నీళ్ళు ఇద్దరిని దాటుతాయి. కాబట్టి 8 మందిని దాటడానికి 4 సార్లు పిలవాలి. దీని నుండి సూత్రం:

ఆలస్యం = దశల సంఖ్య ÷ (2 × క్లాక్ పౌనఃపున్యం)

జపాన్‌కు చెందిన మత్సుషిత (పానాసోనిక్) కంపెనీ చేసిన ఎంఎన్3007 ఐసీలో 1024 దశలు ఉన్నాయి. క్లాక్ 10,000 హెర్ట్జ్ అయితే ఆలస్యం 1024 ÷ 20,000 = 0.0512 సెకన్లు, అంటే 51.2 మిల్లీసెకన్లు. క్లాక్‌ను 1,00,000 హెర్ట్జ్‌కు పెంచితే 5.12 మిల్లీసెకన్లు. పిలుపు వేగం పెరిగితే నీళ్ళు త్వరగా చేరతాయి, అంతే. అదే కంపెనీ ఎంఎన్3005 ఐసీలో 4096 దశలు. 10,000 హెర్ట్జ్ వద్ద దాని ఆలస్యం 204.8 మిల్లీసెకన్లు. గాలిలో అయితే దీనికి దాదాపు 70 మీటర్ల దూరం కావాలి. ఆ 70 మీటర్లను వేలెడంత ఐసీలో మడిచి పెట్టారన్నమాట!

బకెట్ల వరుసకు కావలసిన సహాయకులు

బీబీడీ ఒక్కటే ఉంటే ధ్వని వినడానికి పనికిరాదు. దాని చుట్టూ నాలుగు సహాయాలు కావాలి.

1. బయాస్: ధ్వని సంకేతం ధనం వైపూ, రుణం వైపూ ఊగుతుంది. బకెట్‌లో సున్న కన్నా తక్కువ నీళ్ళు ఉండవు కదా! అందుకే ధ్వని లేనప్పుడు బకెట్ సగం నిండి ఉండేలా ఒక వోల్టేజి ఇస్తారు. ధ్వని పైకి పోతే సగం కన్నా ఎక్కువ, కిందికి పోతే తక్కువ. ఈ సగం సరిగ్గా కుదరకపోతే ఒకవైపు పొర్లిపోయి ధ్వని చిట్లుతుంది. పాత ఎకో పెట్టెల లోపల స్క్రూడ్రైవరుతో తిప్పే చిన్న ప్రీసెట్ ఇందుకోసమే ఉంటుంది. పెట్టె పాడైందని పారేసే ముందు చూడవలసిన వాటిలో ఇదొకటి.

2. ఫిల్టర్లు: సినిమాలో ముందుకు పోయే బండి చక్రం ఒక్కోసారి వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. ముక్కలుగా చూస్తున్నప్పుడు ముక్కల వేగం కన్నా అసలు కదలిక ఎక్కువైతే జరిగే మోసం అది. ధ్వనిలోనూ అంతే. క్లాక్‌లో సగం కన్నా ఎక్కువ పౌనఃపున్యం లోపలికి పోతే అది వేరే, లేని శబ్దంగా మారి బయటకు వస్తుంది. అందుకని బీబీడీకి ముందు ఒక ఫిల్టర్ పెట్టి ఎక్కువ పౌనఃపున్యాలను ఆపేస్తారు. తర్వాత ఇంకొకటి పెట్టి మెట్లు మెట్లుగా వచ్చిన తరంగాన్ని నునుపు చేసి, క్లాక్ కీచు శబ్దాన్ని తీసేస్తారు.

3. కంపాండర్: ప్రతి పోతలో నాలుగు చుక్కలు ఒలుకుతాయి, అడుగున కొన్ని మిగిలి తర్వాతి నీటిలో కలుస్తాయి. వేల పోతల తర్వాత ఇది 'స్‌స్' అనే రొదగా, మసకగా వినిపిస్తుంది. దీనిని తగ్గించడానికి ముందు ఎన్ఇ570 లాంటి ఐసీతో మెల్లని ధ్వనులను పెంచి పంపి, బయటకు వచ్చాక అంతే మేరకు తగ్గిస్తారు. ధ్వనితో పాటు రొద కూడా తగ్గుతుంది.

4. రిపీట్: బయటకు వచ్చిన ధ్వనిలో కొంత భాగాన్ని మళ్ళీ లోపలికి పంపితే ఎకో మళ్ళీ మళ్ళీ వస్తుంది. సగం పంపితే 100, 50, 25, 12.5 అంటూ తగ్గి ఆగిపోతుంది. వందకు 90 పంపితే 100, 90, 81 అంటూ చాలాసేపు సాగుతుంది. వందకు వంద దాటితే ఎప్పటికీ ఆగదు, పెరుగుతూ పోయి కూత పెడుతుంది.

గడియారాన్ని ఊపితే కోరస్

క్లాక్ వేగాన్ని స్థిరంగా ఉంచక మెల్లగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటే? ఆలస్యం తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. ఆలస్యం అంటే దూరమే అని మొదట చెప్పుకున్నాం. కాబట్టి ధ్వని చేసేవాడు మన దగ్గరికి వస్తూ పోతూ ఉన్నట్టే. హైవే మీద బస్సు హారన్ దగ్గరికి వచ్చేటప్పుడు సన్నగా, దాటిపోయాక లావుగా వినిపించడం అందరికీ అనుభవమే. డాప్లర్ ప్రభావం అది. బీబీడీ కూడా స్వరాన్ని అలాగే కొద్దికొద్దిగా పైకీ కిందికీ లాగుతుంది. దానిని అసలు స్వరంతో కలిపితే ఇద్దరు ముగ్గురు పాడుతున్నట్టు ఉంటుంది. రోలాండ్ కంపెనీ 1975లో జాజ్ కోరస్ యాంప్లిఫయర్‌లోనూ, 1976లో బాస్ సీఈ-1 పెడల్‌లోనూ చేసింది ఇదే.

లోపమే గుణమైన వైనం

1981లో వచ్చిన బాస్ డీఎం-2 అనే చిన్న పెడల్ అత్యధికంగా 300 మిల్లీసెకన్ల ఆలస్యం ఇచ్చేది. 4096 దశలతో అంత ఆలస్యం రావాలంటే క్లాక్ సుమారు 6,827 హెర్ట్జ్‌కు దిగాలి. దానిలో సగం 3,413. అంటే అంతకు పైనున్న పౌనఃపున్యాలు ఎకోలో ఉండటానికి వీల్లేదు. పాత ల్యాండ్‌లైన్ ఫోనులో మాట వినిపించే పరిధి కూడా 3,400 హెర్ట్జ్ దాకానే. స, శ, ష లాంటి అక్షరాల పదును ఎక్కువగా దానికి పైనే ఉంటుంది. కాబట్టి బీబీడీ ఎకో దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టు మందంగా ఉంటుంది.

ఇది లోపమే. అయినా గాయకులకూ వాద్యకారులకూ నచ్చింది. ఎందుకంటే అసలు స్వరం పదునుగా, ఎకో మందంగా ఉంటే ఎకో వెనక్కి తగ్గి నిలబడుతుంది, అసలు మాటను తొక్కదు. కొండకు తగిలి వచ్చే నిజమైన ప్రతిధ్వని కూడా పదును పోగొట్టుకొనే వస్తుంది. బీబీడీలు చాలావరకు మార్కెట్ నుంచి పోయాక కూడా అడిగేవారు ఉండటం వల్ల బాస్ కంపెనీ 2014లో డీఎం-2ను మళ్ళీ తయారు చేసింది.

నేడు యాంప్లిఫయర్లలో, కరావోకే మిక్సర్లలో కనిపించే చవక ఎకో బోర్డుల్లో తరచుగా ఉండేది తైవాన్ కంపెనీ చేసిన పీటీ2399 అనే ఐసీ. ఇది బకెట్లు వాడదు. ధ్వనిని 1, 0 అంకెలుగా మార్చి మెమరీలో దాచి, తర్వాత తీస్తుంది. ఒక్క రెసిస్టర్‌ను మారిస్తే సుమారు 30 నుండి 340 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం వస్తుంది. పద్ధతి మారినా ఫిల్టర్లు, రిపీట్, క్లాక్ మాత్రం ఇక్కడా ఉన్నాయి. బకెట్ల వరుస అర్థమైనవారికి ఇది కొత్త కాదు.

మళ్ళీ మైకు దగ్గరికి

ఇప్పుడు తప్పిపోయిన పిల్లవాడి ప్రకటన తీసుకుందాం. గుట్ట కింద ఒక హారన్, అక్కడికి 170 మీటర్ల దూరాన రోడ్డు మీద ఇంకొకటి కట్టారనుకోండి. తీగలో సంకేతం రెండింటికీ ఒకేసారి చేరుతుంది. రోడ్డు మీద హారన్ కింద నిలబడ్డ తల్లికి ఆ మాట వెంటనే వినిపిస్తుంది. గుట్ట కింది హారన్ మాట 170 ÷ 340 = అర సెకను తర్వాత వచ్చి మీద పడుతుంది. అర సెకనులో రెండు మూడు అక్షరాలు పలకవచ్చు. కాబట్టి పేరు మీద ఊరు, ఊరు మీద రంగు పడి అన్నీ కలిసిపోతాయి. దీనికి తోడు పాట కోసం పెంచిన ఎకో నాబ్‌ను అలాగే వదిలేస్తే ఇంకేమీ మిగలదు.

విరుగుడు కూడా ఆలస్యమే. రోడ్డు మీది హారన్‌కు పోయే సంకేతాన్ని అర సెకను ఆపి పంపితే రెండు మాటలూ తల్లి చెవికి కలిసి చేరతాయి. ఇంకో 10 నుండి 20 మిల్లీసెకన్లు కలిపితే, హాస్ చెప్పినట్టు, మాట గుట్ట వైపు నుంచే వస్తున్నట్టు ఉంటుంది. లండన్‌లోని సెయింట్ పాల్ కేథడ్రల్‌లో 1950ల మొదట్లోనే అయస్కాంత చక్రంతో ఇలా ఆలస్యం చేసి ప్రసంగం స్పష్టంగా వినిపించేలా చేశారు. నేటి డిజిటల్ మిక్సర్లు చాలావాటిలో ఒక్కో అవుట్‌పుట్‌కు విడిగా డిలే పెట్టుకునే వీలు ఉంది. అది లేని మైకు సెట్టుకు కూడా ఖర్చు లేని జాగ్రత్తలు మూడు ఉన్నాయి:

1. ప్రకటన చెప్పేటప్పుడు ఎకో, రిపీట్ నాబ్‌లను సున్నకు తేవాలి.
2. హారన్లను ఎదురెదురుగా కట్టరాదు. ఒకే స్తంభం నుండి బయటి వైపుకు చూసేలా కట్టాలి.
3. ఒక్కో మాట తర్వాత ఒక సెకను ఆగి, మొత్తం రెండుసార్లు చెప్పాలి.

మన ఊళ్ళలో మైకు సెట్లు నడిపేది, పెళ్ళిళ్ళకూ జాతరలకూ స్తంభాలెక్కి హారన్లు కట్టేది మన అన్నలూ మామలే. ఏ తీగ ఎక్కడ కలపాలో వారి చేతులకు తెలుసు. ఎందుకు కలపాలో మన పుస్తకాల్లో ఉంది. ఈ రెండూ ఇన్నాళ్ళు వేర్వేరు ఇళ్ళలో ఉన్నాయి. చదువుకున్న మనం సెలవులకు ఇంటికి పోయినప్పుడు వారి పక్కన కూర్చుని, వారి పని చూసి, మనకు తెలిసిన లెక్క వారికి చెబితే రెండు వైపులా లాభమే. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఒక ఎకో ఐసీ, 7805 రెగ్యులేటర్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు కొనుక్కుంటే డిప్లొమా చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరైనా బ్రెడ్‌బోర్డు మీద దీన్ని కట్టి చూడవచ్చు. సైన్స్ ఫేర్‌కు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు దొరకదని మా అభిప్రాయం.

అభ్యాసం

1. ఎంఎన్3208 ఐసీలో 2048 దశలు ఉన్నాయి. క్లాక్ 20,000 హెర్ట్జ్ అయితే ఆలస్యం ఎంత?
2. రెండు హారన్ల మధ్య 85 మీటర్లు ఉంటే దూరపు హారన్‌కు ఎంత ఆలస్యం ఇవ్వాలి?
3. టేపు వేగం సెకనుకు 19 సెంటీమీటర్లు. అర సెకను ఎకో కావాలంటే హెడ్ల మధ్య దూరం ఎంత ఉండాలి?
4. రిపీట్ వందకు 50 ఉన్నప్పుడు ఎన్నో ఎకో మొదటి ధ్వనిలో పదో వంతు కన్నా తగ్గుతుంది?

జవాబులు: 1) 51.2 మిల్లీసెకన్లు 2) 250 మిల్లీసెకన్లు 3) 9.5 సెంటీమీటర్లు 4) నాలుగోది (50, 25, 12.5, 6.25)